హబ్బుకీ చక్రానికీ నడుమ

మార్కాపురంలో నా లేతు షాపు మూసేసినా, పని నేర్చుకునే కుర్రాళ్ళు ఇంటికి రావడం మాత్రం ఆగలేదు. అందరూ ఐటీఐ చదివినవాళ్ళే. కొలతలు నాకంటే చక్కగా తీస్తారు. వచ్చేటప్పుడు ఫోన్లో ఏదో ఒక వీడియో పట్టుకొస్తారు. అందులో ఎవరో జీపుకు గజమంత టైర్లు తగిలించి గుట్టలెక్కిస్తుంటాడు. "తాతా, నువ్వు గూడ ఇట్లాంటి అడాప్టర్లు చేసినావంట గదా, ఎట్ల చేసేది చెప్పు," అంటారు. ఎలా చెయ్యాలో ఒక పూటలో చెప్పేయొచ్చు. ఎప్పుడు చెయ్యకూడదో చెప్పడం మొదలుపెడితే మాత్రం వాళ్ళకు ఆవలింతలొస్తాయి. అందుకే రాస్తున్నాను. చదువుతూ ఆవలించినా నాకు కనపడదు కదా.

నేను ఆఫీసరుగా రిటైరైనవాణ్ణి కాను, కాబట్టి ప్రమోషన్ల కథలు లేవు. గిద్దలూరులో పని నేర్చుకున్నాను, మార్కాపురంలో సొంత లేతు పెట్టుకున్నాను, కళ్ళు మసకబారేదాకా ఇనుము తిప్పాను. పలకల ఫ్యాక్టరీల షాఫ్టులు, బోరు మోటార్ల బుష్షులు, ట్రాక్టర్ పిన్నులు, ఎక్కువగా ఇవే పనులు. జీపుల పని నడుమ వచ్చి చేరింది. ఊళ్ళో చాలామందికి నా అసలు పేరు తెలీదు, అందరికీ నేను ఆచారినే.

నాకు కోపం ఎక్కువ, ఆరా ఎక్కువ. కోపం చూసి కొందరు ఇంకో షాపుకు పోయారు. మిగిలినవాళ్ళు నా ఆరాకు విసుక్కున్నారు. "అతికి ఇమ్మంటే దాని జాతకం అడుగుతాడేందబ్బా" అని నా ముందే అనేవాళ్ళు. ఏం చేసేది! ఒక వస్తువు ఎందుకు విరిగిందో తెలిసేదాకా నాకు అన్నం సయించేది కాదు.

ఏంది ఈ బిళ్ల

జీపు చక్రం విప్పితే లోపల ఇరుసు కొసన గుండ్రటి హబ్బు కనపడుతుంది. దాని నుంచి స్టడ్లు, అంటే మరలున్న ఇనుప కడ్డీలు, బయటికి పొడుచుకుని ఉంటాయి. రిమ్ముకున్న బొక్కలు ఆ స్టడ్లలోకి దూరాలి, పైన నట్లు బిగియ్యాలి. ఇంతే సంగతి. పెద్ద టైరు కావాలంటే పెద్ద బండి రిమ్ము తేవాలి. ఆ రిమ్ముకు బొక్కలు ఎక్కువ, అవి ఉండే వలయమూ పెద్దది. జీపు హబ్బు మీద అది కూర్చోదు. అప్పుడు రెంటికీ నడుమ మందపాటి ఇనుప బిళ్ల ఒకటి పెడతాం. బిళ్ల లోపలి వైపు జీపు స్టడ్లకు బిగుస్తుంది. బయటి వైపు దానికే కొత్త స్టడ్లు ఉంటాయి, పెద్ద చక్రం వాటికి బిగుస్తుంది. పిల్లలు దీన్నే అడాప్టర్ అంటున్నారు. మా షాపులో బిళ్ల అంటేనే అందరికీ తెలిసేది.

ఉన్నమాట ముందే చెప్తాను. బండికి ఇచ్చిన కొలత దాటి టైరు వేస్తే చట్టం ఒప్పుకోదు, ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకోరు, బ్రేకు అసలే ఒప్పుకోదు. చిన్న చక్రాన్ని ఆపడానికి చేసిన బ్రేకు పెద్ద చక్రం కింద నలిగిపోతుంది. బిళ్ల మందం కొద్దీ చక్రం బయటికి జరుగుతుంది, అలా జరిగిన కొద్దీ లోపలి బేరింగుల మీద భారం పెరుగుతుంది. తారు రోడ్డు మీద షోకు కోసం వచ్చినవాళ్ళందరినీ తిట్టి పంపాను. కంభం నుంచి ఒకతను పెళ్ళి ఊరేగింపుకు జీపును ఎత్తు చేయించాలని వచ్చాడు. "పెండ్లికొడుకు కనపడాలంటే గుర్రమెక్కించు నాయనా, జీపునెందుకు పొడుగు చేస్తావు," అన్నాను. అతను మళ్ళీ మా వీధి మొహం చూడలేదు.

అడవి దారుల్లో తోలేవాళ్ళు వస్తే మాత్రం నా మనసు కొంచెం మెత్తబడేది. వాళ్ళ బండ్ల కింద బండరాళ్ళు కొట్టుకుని పెట్టిన సొట్టలు నేను కళ్ళారా చూశాను. అయినా ఇప్పుడు అడిగితే, జనాన్ని ఎక్కించే ఏ బండికీ బిళ్ల వద్దనే చెప్తాను.

ఇంకొక విషయం. నట్టు చక్రాన్ని ఎలా పట్టుకుంటుందో మీలో ఎంతమందికి తెలుసు? పనిలో చేరిన చాలాకాలం నాకూ తెలీదు. నట్టును గట్టిగా బిగిస్తే స్టడ్డు సాగుతుంది. ఇనుమేంది, సాగడమేంది అని నవ్వొద్దు. సాగుతుంది, తలవెంట్రుక మందమంత. సాగిన స్టడ్డు మళ్ళీ ముడుచుకోవాలని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడుకే చక్రం కదలకుండా అతుక్కుని ఉంటుంది. అంత బరువు, అంత జనం, అంతా ఆ వెంట్రుకవాసి సాగుడు మీద ఆధారపడి తిరుగుతోందన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నేను గిద్దలూరు బస్టాండులో బస్సు ఎక్కబోతూ చక్రం నట్ల వైపు చూస్తూ నిలబడిపోయాను. కండక్టరు "ఎక్కుతావా, టైరుకు దండం పెట్టుకుంటావా?" అని అరిచాడు.

మేస్త్రి అడిగే ప్రశ్న

నాకు పని నేర్పిన గిద్దలూరు మేస్త్రి నోరు మంచిది కాదు. లేతు ఆపి, ఇనుప ముక్కను పట్టుకునే చక్‌ను బిగించే తాళం దానికే వదిలేస్తే, అదే తాళం తీసి మా మీదికి విసిరేవాడు. అలా నేర్పాల్సిన పని లేదని నా అభిప్రాయం. విసిరినందువల్ల మాకు భయం వచ్చిందే కానీ జ్ఞాపకం రాలేదు. అయినా ఒక్క విషయంలో ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉన్నాను.

ఒకనాడు నూనె మిల్లు యజమాని, రెండు ముక్కలైన షాఫ్టును ఒక చేత్తో, మిల్లులో పనిచేసే మనిషిని ఇంకో చేత్తో పట్టుకుని షాపులోకి వచ్చాడు. "వీడే ఇరగ్గొట్టినాడు మేస్త్రీ, మిషను మీద ఓవర్‌లోడు ఏసినాడు," అని కేకలు. మేస్త్రి వాళ్ళ మొహాలు చూడనే లేదు. విరిగిన ముఖాన్ని కిరసనాయిలుతో కడిగి, నన్ను పిలిచి చూడమన్నాడు. సగం ముఖం నల్లగా, నున్నగా ఉంది. సగం తళతళ మెరుస్తోంది.

"నల్లగా ఉండేది ఎప్పుడో పగిలింది. పగుల్లోకి నూనె పోయి, మురికి పోయి నల్లబడింది. మెరిసేదే ఈ పొద్దు తెగింది," అన్నాడు మేస్త్రి. మిల్లు యజమాని పనివాడి చొక్కా వదిలేశాడు.

వాళ్ళు వెళ్ళాక మేస్త్రి నాతో, "ఎవురు ఇరగ్గొట్టినారని పోలీసోళ్ళు అడుగుతార్రా. మనం ఏమైంది అని అడగాల," అన్నాడు. ఎంత మంచి మాట! అదే మనిషి మర్నాడు షాపులో డ్రిల్లు బిట్టు విరిగితే "ఎవుడ్రా అది!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు. మనుషులు అంతే. మాటను తీసుకున్నాను, అరుపును వదిలేద్దామనుకున్నాను. పూర్తిగా వదల్లేదని మా ఇంట్లోవాళ్ళు అంటారు.

ఇద్దరి బండి

ఇక అసలు సంగతి. పెద్దదోర్నాల అవతల ఒక పల్లె నుంచి ఇద్దరు స్నేహితులు నా దగ్గరికి వచ్చారు. ఒకడు తిరుపతయ్య, సొంత పొలం చేసుకునే రైతు. రెండోవాడు ఏసోబు, కూలికి పోతూ పోతూ డ్రైవింగు నేర్చుకున్నవాడు. పాత జీపు తిరుపతయ్య కొన్నది, దాన్ని తిరిగేలా చేసింది ఏసోబు. అడవిలో అమ్మవారి గుడికి భక్తుల్ని తీసుకుపోయి తీసుకొస్తారు. వచ్చిందాంట్లో చెరి సగం. పూజ ఉన్నది తిరుపతయ్య ఇంట్లో, ప్రార్థన ఉన్నది ఏసోబు ఇంట్లో. "అమ్మవారికి నాకంటే వీడే ఎక్కువ తూర్లు కనపడినాడు మామా. నాకు రాని మొక్కులు గూడ వీడికే తెలుసు," అని తిరుపతయ్య ఎగతాళి చేస్తుంటే, ఏసోబు తల వంచుకుని నవ్వేవాడు.

"బండి కడుపు కింద బండలు తగులుతుండాయి మామా," అన్నాడు తిరుపతయ్య. "పోయిన వారం ఆయిల్ చాంబర్ పగిలి అడివిలో నిలబడినాం. పెద్ద టైర్లు తెచ్చినాం. నువ్వు బిళ్లలు చేసియ్యాల."

నేను చెప్పాల్సిందంతా చెప్పాను, తిట్టాల్సినంత తిట్టాను. వాళ్ళు కదల్లేదు. సరే అని ఒప్పుకున్నాను. పోత ఇనుముతో చేస్తే దెబ్బకు పెంకులా పగులుతుంది, అందుకని లారీ యాక్సిల్ ముక్కలు కోసి తిప్పాను. రెండు ముఖాలూ ఒకదానికొకటి సమంగా వచ్చేదాకా వదల్లేదు. నా చేతులతోనే బిగించాను. పంపేటప్పుడు ఏసోబుకు ఒకటికి రెండుసార్లు చెప్పాను.

"చక్రం విప్పిన ప్రతిసారీ బిళ్ల మొకం శుభ్రంగా తుడవాల. మట్టి ఉండకూడదు, రంగు ఉండకూడదు. ఇనుముకు ఇనుమే తగలాల."

"అట్లనే మామా," అన్నాడు ఏసోబు. నోట్లో నాలుక లేని మనిషి. ఏం చెప్పినా అట్లనే అంటాడు.

నట్లు ఎందుకు వదులవుతున్నాయి

కొంతకాలం అంతా బాగానే ఉంది. తర్వాత తిరుపతయ్య ఫోన్ చేశాడు. వెనక చక్రం నట్లు వదులైపోయాయట. బండిని షాపుకు తెప్పించి చూశాను. బిళ్ల వంకర పోలేదు. స్టడ్లు బాగున్నాయి. బిళ్లకీ రిమ్ముకీ నడుమ ఎర్రటి గోధుమరంగు పొడి కనిపించింది. వదులైన చోట ఇనుము ఇనుమును రాసుకుంటే అలాంటి తుప్పు పొడి రాలుతుంది, ఎవరైనా అదే అనుకుంటారు. తుడిచి బిగించి పంపాను. ఆ చక్రం మళ్ళీ వదులు కాలేదు. కొన్నాళ్ళకు ముందు చక్రం వదులైంది. ఆ తర్వాత వెనక రెండోది.

నాకు అన్నం సయించడం మానేసింది. బిళ్లల్లో లోపముంటే అన్ని చక్రాలూ వదులు కావాలి కదా? నేను షాపులో బిగించింది గట్టిగా ఉంటోంది. వాళ్ళ ఊళ్ళో పంచరు పడి, విప్పి, మళ్ళీ బిగించిందే వదులవుతోంది. అయితే బిగించడం రావడం లేదేమో అనుకున్నాను. ఏసోబును నా ఎదురుగా ఒక చక్రం విప్పి బిగించమన్నాను. గుడ్డతో తుడిచాడు, ఎదురెదురు నట్లు వరసగా పట్టాడు, చివర్న బరువంతా వేసి లాగాడు. వంక పెట్టడానికి లేదు.

"మరి ఇంటికాడ గూడ ఇట్లనే చేస్తావా?" అని అడిగాను.

ఏసోబు స్పానర్ వైపు చూస్తూ, "ఇట్లనే మామా," అన్నాడు.

ఇంకొకటి నా కంట్లో పడింది. ఆ నట్ల మూలలు అరిగి, గుండ్రంగా, కొత్త గాజుల్లా మెరుస్తున్నాయి. నట్టు అలా అరగాలంటే దాన్ని బోలెడన్నిసార్లు పట్టి లాగి ఉండాలి. పంచరుకు విప్పి బిగించినంత మాత్రాన అంత అరుగుదల రాదు. ఎవరు, ఎందుకు, అన్నిసార్లు బిగిస్తున్నట్టు? అడిగితే ఏసోబు బీడీ కోసం జేబులు తడుముకున్నాడు. వాడు బీడీ తాగడని నాకు తర్వాత తెలిసింది.

తిరుపతయ్యకు అంత ఓపిక లేదు. "వీడు బండల మీద ఎగిరిస్తుండాడు మామా, అందుకే వదులైతుండాయి," అన్నాడు, ఏసోబు పక్కన ఉండగానే.

ఒక ఆదివారం పొద్దున జరగకూడనిది జరిగింది. బండి నిండా భక్తులు. అడవిలో ఒక దిగుడు దిగుతుంటే ముందు ఎడమ చక్రం ఊగి, రెండు స్టడ్లు తెగాయి. బండి ఒక పక్కకు ఒరిగి, దారి పక్క బండకు ఆనుకుని ఆగింది. ఆ బండ అక్కడ లేకపోతే కింద వాగు. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ బండిలో ఉన్న ఆడవాళ్ళు ఏడ్చిన ఏడుపు ఊరంతా తెలిసింది.

తిరుపతయ్య నాకు ఫోన్ చేసి, "ఇంగ చాలు మామా. వీణ్ణి దించేస్తుండా. దోర్నాలలో ఇంకో డ్రైవర్‌ను మాట్లాడినా," అన్నాడు.

ఆ సీటు పోతే ఏసోబు మళ్ళీ మిరప చేలకు కూలికి పోవాలి. పైగా జనాన్ని పడేయబోయిన డ్రైవర్ అన్న పేరు పడితే, ఆ చుట్టుపక్కల వాడికి ఎవరూ బండి తాళం ఇవ్వరు. అంతకంటే నన్ను కుదిపేసింది ఇంకొకటి. అసలు ఏమైందో ఎవరికీ తెలీకుండానే శిక్ష పడిపోతోంది. రేపు కొత్త డ్రైవర్ వస్తాడు, నట్లు మళ్ళీ వదులవుతాయి, అప్పుడు దారి పక్కన బండ ఉండకపోవచ్చు.

"ఒరే తిరుపతీ, ఏసోబును దించేది దించకపోయేది నీ ఇష్టం. ఆ చక్రాన్ని మాత్రం ఎవురూ ముట్టుకోవద్దు, తుడవొద్దు, కడగొద్దు. నేనొస్తుండా," అని, కొత్త స్టడ్లు సంచిలో వేసుకుని దోర్నాల బస్సెక్కాను.

వాకిట్లో విప్పిన చక్రం

బండిని ట్రాక్టరుకు కట్టి తిరుపతయ్య వాకిట్లోకి తెచ్చారు. నేను వెళ్ళేసరికి ఇరుగుపొరుగు నలుగురైదుగురు చేరి ఉన్నారు. ఏసోబు దూరంగా గోడ నీడన నిలబడ్డాడు. తిరుపతయ్య తల్లి రవణమ్మ నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

ఒరిగిన చక్రం విప్పించాను. తెగిన స్టడ్లు చూశాను. ముఖం సగం నల్లబడి ఉంది. అంటే చాలా రోజులుగా కొంచెం కొంచెంగా పగులుతూ వచ్చింది, ఆ రోజు తోలిన తీరుకు తెగింది కాదు. బిళ్ల ముఖం మీద మళ్ళీ అదే గోధుమరంగు. ఈసారి వేలితో రుద్దాను. తుప్పు గరగరలాడుతుంది, ఇది మెత్తగా ఉంది. గోరుతో గీరాను. గీత వెంట పసుపచ్చగా కనపడింది. వాసన చూశాను. బ్రేకు వేడికి మాడిన వాసన, దాని వెనక ఇంకేదో తెలిసిన వాసన.

నేను తాంబూలం వేసుకుంటాను, కాబట్టి సున్నం డబ్బా ఎప్పుడూ జేబులో ఉంటుంది. గీరిన పొడిని అరచేతిలో వేసి, తడి చేసి, కాస్త సున్నం కలిపాను. ఎర్రగా అయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"అది పసుపు గదా," అంది రవణమ్మ. "నేను పెట్టిందే. ఏం తమ్ముడా?"

"బిళ్ల మొకానికి ఎందుకు పెట్టినావక్కా?"

"చక్రం పంచరు షాపుకు పోతే బండి బోసిగా నిలబడి ఉంటాది. వాకిట్లో అట్ల బోసిగా ఉంటే నాకు మనసొప్పదు. చక్రం వచ్చేలోపల కడిగి, ఆముదంలో పసుపు కలిపి, గడపకు పూసినట్ల పూస్తా. బొట్లు పెడతా. అడివికి పొయ్యే బండి, చల్లగా ఉండాలని."

నేను అందరికీ చెప్పాను. పసుపు ఎంత పలచగా పూసినా వెంట్రుక కంటే మందమే. దాని మీద చక్రం పెట్టి బిగిస్తే ఆ పూటకు గట్టిగానే ఉంటుంది. బండి తిరిగి, వేడెక్కి, పసుపు పొడై రాలిపోతే, ఆ మేరకు సందు ఏర్పడుతుంది. స్టడ్డు సాగిందంతా ఆ సందులో పోతుంది. ఇంక నట్టు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందరికంటే ముందు అర్థమైంది రవణమ్మకే.

"పచ్చి చెక్కతో గొడ్డలికి కామ ఏసినట్లన్నమాట. ఎండితే ఊడిపోతాది," అని బుగ్గన చెయ్యి వేసుకుంది. "అయ్యో, నా చేతులారా చేసినానా!"

తిరుపతయ్య గోడ వైపు తిరిగాడు. "ఏసోబూ, చక్రం ఎక్కించేది నువ్వే గదా. పసుపు చూసినావా నువ్వు?"

"చూసినా."

"మామ తుడవమని చెప్పినాడు గదరా. మరి ఎందుకు తుడవలా?"

ఏసోబు నేల వైపు చూస్తూ చెప్పాడు. "ఎట్ల తుడుస్తా అన్నా? పెద్దమ్మ భక్తిగా పెట్టింది. నువ్వు తుడిస్తే ఒట్టి తుడిచినట్లే. నేను తుడిస్తే, చర్చికి పొయ్యేటోడు పసుపు తుడిచినాడంటారు. వేరేవాళ్ళెందుకు, ఇప్పుడు ఈ వాకిట్లో ఉన్నోళ్ళే అంటారు."

ఒకరిద్దరు తలలు పక్కకు తిప్పుకున్నారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ మర్యాద తగలెయ్య! నీ మీద పడే మాటకు భయపడి నువ్వు నోరు మూసుకుంటే ఎనక కూర్చున్నోళ్ళ ప్రాణాలేం గావాల? వాళ్ళు నిన్ను నమ్మి గదా ఎక్కింది!"

"అందుకే ఆగిన చోటల్లా బిగిస్తానే ఉన్నా మామా," అన్నాడు ఏసోబు. "చెక్‌పోస్టు కాడ, వాగు కాడ, గుడి కాడ. జనం నీళ్ళు తాగుతుంటే, ఫోటోలు దిగుతుంటే, స్పానర్ కండువాలో చుట్టుకుని పొయ్యి, గాలి చూస్తుండానని చెప్పి నట్లు బిగించేవాణ్ణి. ఆ పొద్దు ఎనక బండ్లోళ్ళు హారన్లు కొట్టి, కొట్టి, వాగు కాడ ఆపనీయలేదు. రాత్రిళ్ళు నిద్ర పడ్తే ఒట్టు."

నట్ల మూలలు ఎందుకు అరిగాయో అప్పుడు తెలిసింది. తెలిసినందుకు సంతోషం కలగలేదు. పిల్లలూ, ఏసోబు చేసింది తప్పే, ఈ మాట మీకు దాచకుండా చెప్తున్నాను. వాడి మీద జాలి కలిగినా నా లెక్కలో అది తప్పే. అయితే ఒక మనిషి నిజం చెప్పడానికి అంత భయపడాల్సి వచ్చిందంటే, ఆ భయం పెట్టింది ఎవరు? ఆ వాకిట్లో అందరికీ తెలుసు. అలాంటి దానికి నా దగ్గర ఏ టూలూ లేదు.

రవణమ్మ లేచి లోపలికి వెళ్ళి, గుడ్డ పేలిక, కిరసనాయిలు సీసా పట్టుకొచ్చింది. "ఏసోబూ, ఇట్ల రా. తుడువు," అంది.

"వద్దులే పెద్దమ్మా, మామ తుడుస్తాడు."

"మామ గాదు. నువ్వే తుడవాల. అందరూ చూస్తుండంగ తుడువు. రేపు ఎవుడన్నా నోరెత్తితే రవణమ్మే తుడవమనిందని చెప్పు, నా కాడికి పంపించు." గుడ్డ పేలిక వాడి చేతిలో పెట్టింది. "బండి చల్లగుండాలని పెట్టినా గాని, అందులో ఉన్నోళ్ళను వాగులో పారెయ్యాలని పెట్టినానా పిచ్చోడా? ఒక్క మాట చెప్తే నేను ఇనేదాన్ని గాదా? ఇన్నేండ్లు నా చేతి అన్నం తిన్నావే, నన్ను ఇంతేనా తెలుసుకుంది?"

ఏసోబు కూర్చుని తుడిచాడు. తుడుస్తూ ఏడ్చాడు. మిగిలిన మూడు చక్రాలు కూడా విప్పించాను. ఒకదాని మీద మళ్ళీ పసుపు ఉంది, దాన్నీ వాడే తుడిచాడు. నేను కొత్త స్టడ్లు దిగ్గొట్టాను. ఆ రోజు నుంచి, ఏ బండికి బిళ్ల చేసినా, ఆ ఇంట్లో పూజ చేసే మనిషిని కూడా షాపుకు రమ్మనేవాణ్ణి. పసుపు బంపరుకు పెట్టుకోమ్మా, టైరుకు పెట్టుకోమ్మా, ఈ ముఖానికి మాత్రం వద్దు అని ఆమెకే చూపించేవాణ్ణి. మీరూ అట్లాగే చెయ్యండి, డ్రైవర్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

చక్రాలన్నీ ఎక్కించాక తిరుపతయ్య జేబులోంచి బండి తాళం తీసి ఏసోబు ముందు పట్టుకున్నాడు. ఏసోబు చెయ్యి చాపలేదు.

"నమ్మకం పోయినాక ఎట్ల తోలాలన్నా?" అన్నాడు.

"పోయింది నిజమే రా. నిన్ను ఒక్క మాట అడగకుండా పోగొట్టుకున్నా. నాదే తప్పు," అన్నాడు తిరుపతయ్య. తాళం అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఈలోగా రవణమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని జీపు ముందు సీట్లోకి ఎక్కేసింది. "మీ పంచాయితీ సాయంత్రం పెట్టుకోండి. ఊరోళ్ళందరినీ తీస్కపొయ్యే బండి, నేను ఒక్కనాడన్నా ఎక్కి అమ్మవారిని చూసిందే లేదు. ఏసోబూ, పద నాయనా. తిరుపతీ, నువ్వు ఎనక కూర్చో."

కొడుకు వెనక ఎక్కాడు. వాకిట్లో ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇద్దరు ముగ్గురు వాళ్ళూ ఎక్కారు. నేనెక్కాను. ఏసోబు తాళం తీసుకున్నాడు.

ఊరు దాటి, చెట్లు చిక్కబడే ముందు బండి ఆపాడు. కొత్తగా బిగించిన చక్రం కొంతదూరం తిరిగాక మళ్ళీ ఒకసారి చూడాలి, ఏ బండికైనా అదే పద్ధతి. సీటు కింద నుంచి స్పానర్ తీసి, కండువాలో చుట్టబోయి, ఆగాడు. కండువా మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"అందరూ ఒకసారి దిగండి. నట్లు బిగియ్యాల," అని గట్టిగా చెప్పాడు.

అందరికంటే ముందు రవణమ్మే దిగి, పక్కనున్న బండ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"నిదానంగా బిగించు నాయనా," అంది. "గుడి యాడికీ పోదు."